ఎవరూ బదులివ్వని ఎండాకాలం

“పైన గాలి ఎక్కువైతే ఆ డబ్బా ఊడి కింద పడదూ?”

క్యారేజీ మూత బిగిస్తూ అడిగాను. డబ్బా అంటే మా ఆయన రోజంతా కూర్చునే అద్దాల గది. ఆయన టవర్ క్రేన్ నడుపుతారు. ఊరి చివర కడుతున్న పెద్ద ఆఫీసు భవనం పక్కన, ఆకాశంలో వేలాడుతున్నట్టుండే ఆ గదిలోకి పొద్దున ఎక్కితే మళ్ళీ సాయంత్రానికే దిగేది.

ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నోరు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. ఇన్నేళ్ళూ “పడదులేవే” అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని. కాసేపు పనిచేసేది. దాని పట్టు వదిలాక మళ్ళీ అడిగేదాన్ని.

“బావా, నోరు జారకు,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మా తమ్ముడు. వాడూ అదే సైటులో పని. కింద నిలబడి క్రేనుకి సిగ్నల్ ఇస్తాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, వీధి చివర ఒక గది, తిండి మా ఇంట్లో. “మేడం ఏం చెప్పింది? జవాబిస్తే రోగం ముదురుతుందంది.”

“నోర్ముయ్‌రా. రోగమంటావేంటి?”

“పోనీ సైరన్ అననా? చిన్నప్పట్నుంచీ అదేగా నీ పేరు. అయినా నీకెందుకక్కా అంత దిగులు? డబ్బా పడిందంటే పైన బావ, కింద నేను. ఒక్క ఏడుపుతో ఇద్దరికీ సరిపెట్టెయ్యొచ్చు.”

లోపల తల దువ్వుకుంటున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు. ముగ్గురూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఆ గుమ్మంలోనే, చేతిలో గుడ్డతో, రాని జవాబు కోసం చూస్తూ నిలబడ్డాను.

ఈ ఏర్పాటు చేసింది గవర్నమెంటు ఆస్పత్రిలో ఉండే కౌన్సెలర్ మేడం. నా గుండెదడకి గుండె డాక్టరు గుండెలో ఏమీ లేదని తేల్చి ఆవిడ దగ్గరకు పంపాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు మా వాళ్ళందరినీ కూడా కూర్చోబెట్టి చెప్పింది.

“ఆవిడ భయపడి అడిగిన ప్రతిసారీ మీరు ‘ఏం కాదు’ అంటున్నారు. దురద పెట్టినచోట గోకినట్టన్నమాట. అప్పటికి హాయిగా ఉంటుంది, తర్వాత పుండవుతుంది. ఇకనుంచి ఓదార్చకండి.”

“మరి ఏమనాలి మేడం?” అంది మా అమ్మాయి. మందుల షాపులో పనిచేస్తుంది కదా, ఎంత మోతాదు అన్నట్టే అడిగింది.

“ఏమీ అనకండి.”

ఆ మాట విన్నప్పుడు మా ఆయన ముఖం కొంచెం విప్పారింది. నేను చూశాను. పోనీలే, నా వల్ల విసిగిన మనిషి, కాస్త ఊపిరి పీల్చుకుంటాడు అనుకున్నాను.

నాకూ కొన్ని అలవాట్లు చెప్పింది మేడం. తాళం ఒక్కసారే లాగి చూడాలి. ఏదైనా ఒక్కసారే అడగాలి. భయాలన్నిటికీ సాయంత్రం టీ తాగాక ఒక వేళ పెట్టుకోవాలి. ఒక చోట కూర్చుని, ఇక చాలనేదాకా భయపడి లేవాలి. మిగతా వేళల్లో వస్తే, ఇప్పుడు కాదు, సాయంత్రం రమ్మని పంపెయ్యాలి.

“పోకపోతే?” అన్నాను.

“చేతికి ఏది తగిలితే దాన్ని పట్టుకోండి. అది మెత్తగా ఉందా, గరుగ్గా ఉందా చూడండి. జవాబు రాకపోతే ఆ ఖాళీని మీరు కథలు అల్లి నింపుతున్నారమ్మా. నింపకండి. ఖాళీని ఖాళీగా ఉండనివ్వండి. అదే అన్నిటికంటే కష్టం. అది వచ్చిందంటే మీకు సగం నయమైనట్టే.”

నా చేతికి ఎప్పుడూ తగిలేది బట్టే. స్కూళ్ళు తెరిచే ముందు రోజులు కావడంతో యూనిఫాం చొక్కాలు మోపులు మోపులుగా వచ్చిపడేవి. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం నా పని. కొత్త బట్ట గంజితో గరుగ్గా ఉంటుంది. అమ్మాయి స్కూటరు లారీ కిందకి వెళ్ళిందేమో అని మనసు అనగానే, కాజా అంచు మీద వేలు పెట్టి రాసేదాన్ని. గరుకు. ఇంకోసారి. గరుకు. సాయంత్రం రా, ఇప్పుడు పనిలో ఉన్నాను.

నవ్వుకుంటే నవ్వుకోండి, అది పనిచేసింది. పెరటి గుమ్మం దగ్గర ఒక పాత పీట వేసుకుని సాయంత్రాలు కూర్చునేదాన్ని. మొదట్లో కళ్ళనీళ్ళు కారేవి. పోనుపోను ఏం భయపడాలో వెతుక్కోవలసి వచ్చేది. రాత్రిళ్ళు నిద్ర పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం రేడియోలో పాట వస్తుంటే నాకు తెలియకుండానే కూనిరాగం తీశాను. వీధిలోంచి వస్తున్న మా తమ్ముడు విని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“ఇది మా ఇల్లేనా? సైరన్ పాడుతోందేంటి?”

వాళ్ళకి మాత్రం ఆ నియమం మహా రుచించింది. భయంతో అడిగిన వాటికి బదులివ్వొద్దంటే, అసలు దేనికీ బదులివ్వక్కర్లేదని పెట్టుకున్నారు. “ఆలస్యం అయిందేం?” అంటే చిరునవ్వు. “ఆ సంచీలో ఏంటే?” అంటే, “అమ్మా, మేడం ఏం చెప్పింది?” ఇంట్లో ఒక మనిషికి జబ్బు చేస్తే మిగతా వాళ్ళకి ఇంత సుఖం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ప్రతి వారం నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఆయన ఒక పూట సెలవు పెట్టేవారు. అమ్మాయి కూడా వచ్చేది. నేను లోపల మేడంతో మాట్లాడుతుంటే వాళ్ళిద్దరూ వరండాలో ఉండేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి ఆయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కనిపించేవారు. ఎండ మండిపోతోంది కదా అనుకునేదాన్ని. అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని నడిపించేది. పెళ్ళీడుకొచ్చిన పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని నడవడం చూసి నా కడుపు నిండిపోయేది. నా జబ్బు పుణ్యమా అని వీళ్ళిద్దరూ దగ్గరయ్యారనుకుని మురిసిపోయేదాన్ని కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక సెలవురోజు పొద్దున నేను గుండీలు కుడుతూ కూర్చున్నాను. ఆయనే టీ పెట్టి తెచ్చి బల్ల మీద గ్లాసుల్లో పోస్తున్నారు. కుడి పక్క గ్లాసు నిండింది. ఎడమ పక్కది మా తమ్ముడిది. టీ ధార గ్లాసు మీద కాదు, బల్ల మీద పడబోయింది. పడలేదు. మా తమ్ముడు, నాతో మాట్లాడుతూనే, అటు చూడనైనా చూడకుండా గ్లాసుని ధార కిందకి జరిపాడు. ఎన్నిసార్లు అలా జరిపితే ఆ చేతికి అంత అలవాటవుతుంది?

“ఏవండీ,” అన్నాను. “మీకు కళ్ళు సరిగ్గా కనపడుతున్నాయా?”

గిన్నె బల్ల మీద పెట్టారు. నా వైపు తిరిగారు. కళ్ళు తిప్పలేదు, మొత్తం తల తిప్పారు. బదులు లేదు.

“అమ్మా, ఒక్కసారి అడిగావు. అయిపోయింది,” అంది అమ్మాయి.

“అది కాదే, ఆ టీ...”

“రెండోది మొదలైంది చూశావా?”

నేను తమ్ముడి వైపు చూశాను. ఇలాంటప్పుడు ఏదో ఒక వెటకారం ఆడకుండా ఉండడు వాడు. గ్లాసులోకి చూస్తూ టీ ఊదుకుంటున్నాడు. చల్లారిపోయాక కూడా ఊదుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం పీట మీద కూర్చుంటే ఆయన కళ్ళ భయమూ వచ్చింది. ఒంటరిగా రాలేదు. గ్యాసు పైపు, స్కూటరు బ్రేకులు, అమ్మాయికి కుదరని సంబంధం, అందరితో పాటు వచ్చి వరసలో కూర్చుంది. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఈ వైద్యంలో ఉన్న చిక్కు అదే. నిజమైన భయానికి నెత్తిన కొమ్ములుండవు. వేళ అయ్యాక అన్నిటితో పాటు దాన్నీ లేపి పంపేసి, లోపలికొచ్చి చొక్కాలు మడత పెట్టుకున్నాను. ఆ రాత్రి కూడా నిద్ర పట్టింది.

వానలు పడేలోపు చివరి శ్లాబు వెయ్యాలని సైటులో తొందర పెడుతున్నారు. ఇద్దరూ చీకటితోనే వెళ్తున్నారు. ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర మోటారుసైకిలు ఆగింది. సైటు మేస్త్రీ. తలపాగా తీసి చేత్తో నలుపుతున్నాడు.

“అమ్మా, మీరు కంగారు పడొద్దు...”

“ఎవరు?” అన్నాను.

“మీ తమ్ముడు. కడ్డీల కట్ట కాలి మీద దిగింది.”

“ఉన్నాడా?”

“ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు.”

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీశాను. సూది దిండుకి గుచ్చాను. తాళం వేసి ఒక్కసారే లాగి చూశాను. బండి మీద మేస్త్రీ వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూస్తున్నాడు. “మీరు గొడవ గొడవ చేస్తారని అందరూ అన్నారమ్మా. అందుకే ఎవరూ రానంటే నేనొచ్చాను,” అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఈ రోజు కోసమే ఏడ్చి ఉన్నాను నాయనా, ఇంకేం మిగల్లేదు అందామనుకున్నాను. అనలేదు. బండి సీటు కుట్టు పట్టుకుని కూర్చున్నాను. గరుకు.

ఆస్పత్రిలో సైటు ఇంజనీరు అప్పటికే వచ్చి ఉన్నాడు. చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. “వాకీటాకీ పనిచెయ్యలేదు. అలాంటప్పుడు జెండా ఊపాలి. మీ వాడు ఊపలేదు. ఊపకుండా లోడు కిందకి పోయాడు. సిగ్నల్‌మాన్ పొరపాటు. ఆపరేటరు కూడా అదే చెప్పాడు.”

ఆపరేటరు నా మొగుడు. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. నేను ఆయన ఎడమ పక్కనుంచే వెళ్ళాను. పక్కకొచ్చి నిలబడేదాకా నేను వచ్చినట్టు ఆయనకి తెలియలేదు.

ఏమీ అడగలేదు. ఇక అడగవలసింది ఏముంది?

అమ్మాయి నీళ్ళకుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. “నీకు తెలుసా?” అన్నాను. ఒక్కసారే. కుళాయి గట్టు మీద చెయ్యి పెట్టుకుని ఊరుకున్నాను. అది నున్నగా, చల్లగా ఉంది. నేను ఇంకేదో అంటానని అమ్మాయి ఎదురుచూసింది. నేను అనేకొద్దీ దానికి తప్పించుకోవడం తేలిక, అది తనకి అలవాటే. అననందుకు ఏడుపు మొదలుపెట్టింది.

“నాన్నకి ఎడమ పక్క చూపు పోతోందమ్మా. పొగ పట్టినట్టుంటుందట. నువ్వు మేడం దగ్గరున్నప్పుడు పక్క గదిలోనే కంటి డాక్టరుకి చూపించాం. పోయింది తిరిగి రాదన్నారు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేస్తున్నాను.”

“అది పట్టుకుని పైకెక్కనిచ్చావా?”

“ఈ ఒక్క బిల్డింగ్ అయిపోతే దిగిపోతానన్నాడు. ఒట్టేయించుకున్నాడు. నీకు చెబితే నువ్వు తట్టుకోలేవని...”

“మామయ్యకి?”

“మామయ్యకి తెలియకుండా ఎలా? వాకీటాకీలో ఎడమ, కుడి, ఆగు, దింపు అని తను చెబుతుంటేనే కదా నాన్న నడిపేది.”

అంటే ఆ ఎండాకాలమంతా నేను బాగుపడుతున్నానని చంకలు గుద్దుకుంటుంటే, ఒక గోడకి ఇవతల నాకు అడగకుండా ఉండడం నేర్పారు, అవతల నేను అడగవలసిన సంగతి తేల్చారు. మధ్యలో ఉన్న ఆ వరండాలో నా మొగుడూ కూతురూ అటూ ఇటూ తిరిగారు.

మా తమ్ముడికి మోకాలి కింద కాలు తీసేశారు.

తర్వాత ఒకసారి మేడం దగ్గరికి వెళ్ళాను. ఒక్కదాన్నే. “మీ వైద్యం బ్రహ్మాండంగా కుదిరింది మేడం,” అన్నాను. “ఇంట్లో కొంప మునిగినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు.”

అంతా విని ఆవిడ ముందున్న నా కాగితాలు మూసేసింది. “నేను ఓదార్చొద్దన్నానమ్మా,” అంది. “దాచమనలేదు.”

“ఆ రెంటికీ తేడా నాకు తెలుస్తుంది మేడం. మా వాళ్ళకి తెలిసే ఉంటుంది. తెలిసి కూడా, ఏది వీలుగా ఉంటే అది పట్టుకున్నారు.”

ఆవిడ మళ్ళీ వచ్చే వారం రమ్మంది. చూస్తానన్నాను.

తమ్ముణ్ణి మా ఇంటికే తెచ్చి ముందుగదిలో మంచం వేశాం. ఆయన పనికి వెళ్ళడం లేదు. క్రేను ఆగిపోయింది, విచారణ అన్నారు. రోజంతా ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆయన వాడికి మంచినీళ్ళు అందిస్తారు. వాడు తీసుకుంటాడు. వాడి వెటకారాలన్నీ ఏమయ్యాయో. ఒక్కసారి మాత్రం, కట్టు మారుస్తుంటే నాతో అన్నాడు, “అక్కా, ఇంక నా చెప్పుల్లో ఒకటే అరుగుతుంది.” నవ్వమన్నట్టు చూశాడు. నా వల్ల కాలేదు.

వాడి భయం వేరే ఉంది. సిగ్నల్‌మాన్ పొరపాటు అని రాసేస్తే, కాలు పోయినవాడికి చిన్న పని కూడా ఏ సైటులోనూ ఇవ్వరు. తన తప్పుకి తనే బలయ్యాడన్న పేరు ఆ సగం కాలికి జీవితాంతం వేలాడుతుంది. జెండా ఊపానని వాడు చెబుతూనే ఉన్నాడు. ఎవరికి కనపడాలో వాళ్ళకి కనపడలేదని మాత్రం చెప్పడం లేదు. బావ మీద ఈగ వాలనివ్వడు.

లేబరు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చాడు. పెద్దమనిషి. చెప్పులు బయట విడిచి వచ్చాడు. కుర్చీలో కూర్చుని కలం మూత తీశాడు.

“జెండా ఊపానంటావు. ఎవరైనా చూశారా బాబూ?”

“అందరూ పైన శ్లాబు మీద ఉన్నారు సార్. చూసే టైం ఎవరికుంది?”

“ఆపరేటరు లేదంటున్నాడు కదా?”

తమ్ముడు దుప్పటి అంచు సర్దుకున్నాడు. “బావ ఏది చెబితే అదే రాసుకోండి సార్.”

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. “ఇంట్లో వాళ్ళుగా మీరేమైనా చెప్పేదుందా అమ్మా?”

“అమ్మని అడక్కండి సార్,” అంది మా అమ్మాయి గబగబా. “అమ్మకి ఆందోళన జబ్బు. ట్రీట్‌మెంట్‌లో ఉంది. లేనిపోనివన్నీ ఊహించుకుంటుంది. ఆస్పత్రి కాగితాలు కూడా ఉన్నాయి, చూపించమంటారా?”

ఇన్‌స్పెక్టరు జాలిగా నన్ను చూసి తలాడించాడు. నా మీద అంత జాలి ఎప్పుడూ ఎవరూ పడలేదు. ఆ జాలితో నన్ను గదిలోంచి తుడిచేసినట్టయింది.

“నిజమే సార్,” అన్నాను. “నేను ఊహించుకుంటాను. నా మాట మీరు రాసుకోవద్దు. నేను మా ఆయన్ని ఒక మాట అడుగుతాను, దానికి ఆయనేం చెబితే అది రాసుకోండి.”

ఆయన కిటికీ దగ్గర స్టూలు మీద ఉన్నారు. నేను వెళ్ళి ఎదురుగా, కనపడే పక్క నిలబడ్డాను.

“ఏవండీ. వాడు ఎడమ పక్క నిలబడి జెండా ఊపితే మీకు కనపడుతుందా?”

అంతే. మళ్ళీ అడగలేదు.

ఆయన నేల చూశారు. ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టి, మళ్ళీ తీశాడు. వంటింట్లో గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతోంది, వెళ్ళి మంట తగ్గించలేదు. “అమ్మా,” అంది అమ్మాయి. నేను అటు తిరగలేదు. “అక్కా, వదిలెయ్యవే,” అన్నాడు తమ్ముడు. వదల్లేదు. నా లోపల పాత మనిషి లేచి కూర్చుంది. పోనీలెండి అనమంది. పాపం అంది. ఉద్యోగం పోతే, కేసు పెడితే, ఈ మనిషి ఏ అఘాయిత్యమైనా చేసుకుంటే అంది. అన్నిటికీ ఒకేసారి నోరొచ్చింది. ఇంతకు ముందైతే ఆ ఖాళీనంతా నేనే నింపి, ఆయన చెప్పాల్సిందీ నేనే చెప్పి, కాదని కూడా నేనే అని, ఏడ్చి, ఆయన్ని ఒడ్డున పడేసేదాన్ని. నా చీర అంచు చేతికి తగిలింది. పట్టుకున్నాను. ఊరుకున్నాను.

వీధిలో ఎవరో పిల్లల్ని కేకేస్తున్నారు. ఆ కేకలు ఆగిపోయాయి. ఇంకా ఊరుకున్నాను.

ఆయన తల ఎత్తారు. నన్ను చూడలేదు. మంచం ఎక్కడుందో తల మొత్తం తిప్పి వెతుక్కుని, అటు చూస్తూ అన్నారు.

“కనపడదు. వాడు ఊపే ఉంటాడు.”